గుండె చుట్టూ నీరు తీసిన తర్వాత గుండె ఎందుకు తడబడుతుంది

గుండె చుట్టూ చేరిన నీరు గుండెను నొక్కేస్తున్నప్పుడు ఆ నీటిని సూదితో తీయడమంత త్వరగా ఫలితం చూపే చికిత్సలు వైద్యంలో ఎన్నో లేవు. అప్పటిదాకా పడుకోలేక, మంచం మీద ముందుకు వంగి కూర్చుని రొప్పుతున్న రోగి నాలుగైదు సిరంజిల నీరు బయటికి రాగానే వెనక్కి వాలి ఊపిరి పీల్చుకోగలుగుతాడు. మానిటర్ మీద బీపీ పెరుగుతుంది, నాడి నెమ్మదిస్తుంది, చల్లబడిన చేతులు వెచ్చబడతాయి. అయితే కొద్దిమందిలో ఈ మెరుగుదల నిలవదు. కొన్ని నిమిషాల్లోనో, కొన్ని గంటల్లోనో, ఒక్కోసారి మర్నాడో మళ్లీ ఆయాసం మొదలవుతుంది, ఈసారి ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది, బీపీ పడిపోతుంది. సూది గుండెకు గుచ్చుకోలేదు, రక్తస్రావం లేదు, సంచిలో నీరు మళ్లీ చేరలేదు. ఇన్నాళ్లూ నొక్కుడును తట్టుకుంటూ వచ్చిన గుండే, ఆ నొక్కుడు తొలగిపోయాక పని చేయలేని స్థితికి వస్తుంది.

ఈ స్థితిని వైద్యులు పెరికార్డియల్ డీకంప్రెషన్ సిండ్రోమ్ అంటారు. ఇది అరుదైనదే, నీరు తీయించుకున్న వారిలో 5 శాతానికి లోపు మందిలోనే కనిపిస్తుందని అంచనా. కానీ వైద్య పత్రికల్లో నమోదైన రోగుల్లో దాదాపు 10 మందిలో ముగ్గురు మరణించారు. తీవ్రంగా ఉన్న ఉదంతాలే పత్రికలకు ఎక్కుతాయి కాబట్టి ఆ సంఖ్యను యథాతథంగా అందరికీ వర్తింపజేయకూడదు. తేలికగా వచ్చి తేలికగా తగ్గిపోయినవి ఎవరి లెక్కలోకీ రాకుండా పోయి ఉంటాయి. అయినా, చికిత్స సక్రమంగా జరిగిందని అందరూ అనుకున్న తర్వాత వచ్చే ఉపద్రవం కాబట్టి దీని గురించి వివరంగా తెలుసుకోవలసిన అవసరం ఉంది.

సంచి లోపల జరిగేది

గుండెను రెండు పొరల సంచి ఒకటి కప్పి ఉంచుతుంది. దాన్నే పెరికార్డియం, తెలుగులో హృదయావరణం అంటారు. లోపలి పొర గుండె కండరానికి అంటుకుని ఉంటుంది, బయటి పొర గట్టి నారలతో అల్లుకుని ఉంటుంది. ఈ రెంటి మధ్య ఆరోగ్యవంతుల్లో 15 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా పలుచని ద్రవం ఉండి, గుండె కదిలేటప్పుడు రాపిడి లేకుండా చూస్తుంది. క్షయ, క్యాన్సర్, మూత్రపిండాల వైఫల్యం, థైరాయిడ్ మందగించడం, వైరస్ ఇన్ఫెక్షన్లు, లూపస్ వంటి, రోగనిరోధక శక్తి శరీరం మీదే తిరగబడే వ్యాధులు, గుండె ఆపరేషన్లు, గాయాలు ఈ ద్రవాన్ని పెంచగలవు. క్షయ ఎక్కువగా ఉన్న దేశాల్లో ప్రధాన కారణం క్షయే. తక్కిన చోట్ల, ముఖ్యంగా నీరు ఎక్కువగా చేరి ప్రమాదకరంగా మారిన రోగుల్లో, ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) తరచూ కనిపిస్తాయి.

బయటి పొర ఒక్కసారిగా సాగేది కాదు. అందుకే ఎంత నీరు చేరిందన్న దానికంటే ఎంత వేగంగా చేరిందన్నదే ముఖ్యం. కత్తిపోటు వల్ల కొద్ది నిమిషాల్లో 150, 200 మిల్లీలీటర్ల రక్తం చేరితే ప్రాణం పోవచ్చు. అదే నీరు వారాల తరబడి మెల్లగా ఊరితే సంచి కొద్దికొద్దిగా పెరిగి, లీటరు దాటిన ద్రవాన్ని కూడా కొంతకాలం భరించగలదు. సంచిలోని నీటి పరిమాణాన్నీ ఒత్తిడినీ గ్రాఫ్‌గా గీస్తే ఆ గీత మొదట చాలా దూరం దాదాపు అడ్డంగా సాగి, సంచి సాగే గుణం అయిపోయిన చోట ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది. రోగి ఆ నిలువు భాగంలోకి చేరాక మరో 50 మిల్లీలీటర్లు చేరినా ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. ఇదే విషయాన్ని తిప్పి చూస్తే, నీరు తీసేటప్పుడు మొదటి 50, 100 మిల్లీలీటర్లకే ఒత్తిడి అత్యధికంగా తగ్గుతుంది. ఈ వ్యాసంలోని మిగతా విషయమంతా ఈ ఒక్క గీత చుట్టూనే తిరుగుతుంది.

ఒత్తిడి పెరిగినప్పుడు మొదట లొంగేవి గుండె కుడివైపు గదులు. వాటి గోడలు పలుచనివి, వాటి లోపలి ఒత్తిడీ తక్కువ. శరీరం నుంచి తిరిగి వచ్చే రక్తానికి అక్కడ చోటు దొరకదు. అది సిరల్లోనే నిలిచిపోవడంతో మెడ సిరలు ఉబ్బుతాయి, కాలేయం వాస్తుంది. గుండెలోకి వచ్చేది తగ్గితే బయటికి పోయేదీ తగ్గుతుంది. ఈ స్థితే టాంపొనేడ్. అమెరికన్ శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్ 1935లో దీనికి మూడు గుర్తులు చెప్పాడు: తగ్గిన బీపీ, ఉబ్బిన మెడ సిరలు, దూరం నుంచి వినిపిస్తున్నట్టుండే గుండె చప్పుడు. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పై బీపీ 10 కంటే ఎక్కువ పడిపోవడం మరో ముఖ్యమైన గుర్తు. దానికి 1873లో పేరు పెట్టినవాడు జర్మన్ వైద్యుడు కుస్‌మాల్.

టాంపొనేడ్‌లో శరీరం ఊరికే చూస్తూ కూర్చోదు. అడ్రినలిన్ జాతి హార్మోన్లు రక్తంలోకి వరదలా విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, చేతులూ కాళ్లూ చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుని ఉన్న కొద్దిపాటి రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లిస్తాయి, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. రోగి చేతులు చల్లగా, చెమటగా ఉండడానికి కారణం ఇదే. ఈ ఏర్పాటు వల్లనే బీపీ కొంతసేపైనా నిలుస్తుంది. ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటుంది. కుంచించుకుపోయిన ఎడమ జఠరికలోకి, అంటే శరీరానికి రక్తాన్ని నెట్టే కింది గదిలోకి, వచ్చేదే కొద్ది రక్తం. అడ్రినలిన్ ఉధృతిలో అది ఆ కొద్దినీ దాదాపు పూర్తిగా బయటికి నెట్టేస్తుంది. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) పరీక్షలో చూస్తే కండరం బాగా కొట్టుకుంటున్నట్టూ, ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే జఠరికలోని రక్తంలో ప్రతి స్పందనకూ బయటికి పోయే శాతం, మామూలుగానో ఇంకాస్త ఎక్కువగానో ఉన్నట్టూ కనిపిస్తుంది. ఆ కండరం నిజంగా బలమైనదేనా అన్న ప్రశ్నకు ఆ సమయంలో తీసిన ఎకో నమ్మదగిన జవాబు ఇవ్వలేదు.

సూది సమస్య తీరింది, ఇది మిగిలింది

హృదయావరణంలోని నీటిని సూదితో తీసిన తొలి ప్రయత్నం 1840లో వియన్నాలో ఫ్రాంజ్ షూ చేశాడు. 1911లో ఫ్రెంచి వైద్యుడు మార్ఫాన్ రొమ్ము ఎముక కింది కొన దగ్గర నుంచి సూదిని పైకి పంపే దారిని చూపాడు. అయితే చాలా దశాబ్దాల పాటు ఇది కళ్లు మూసుకుని చేసే పనిగానే ఉండిపోయింది. సూది గుండె గదిలోకో, కాలేయంలోకో, గుండె కండరానికి రక్తమిచ్చే కరోనరీ నాళంలోకో దిగే ప్రమాదం ఉండేది. 1979లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎకో సాయంతో, నీరు ఎక్కడ ఎక్కువగా ఉందో, చర్మానికి ఎక్కడ దగ్గరగా ఉందో చూసుకుని సూది వేసే పద్ధతి మొదలైంది. అక్కడ 21 ఏళ్లలో వరుసగా చేసిన 1127 ప్రక్రియలను 2002లో ప్రచురించినప్పుడు, 97 శాతం విజయవంతమయ్యాయనీ, పెద్ద ఉపద్రవాలు 1.2 శాతమేననీ తేలింది.

అంటే సూది వల్ల వచ్చే ప్రమాదం నేర్పుతోనూ, ఎకోతోనూ చాలావరకు అదుపులోకి వచ్చింది. డీకంప్రెషన్ సిండ్రోమ్ ఆ కోవలోది కాదు. సూది ఎంత చక్కగా వేసినా ఇది రావచ్చు. ఎందుకంటే దీనికి కారణం సూది దారి తప్పడం కాదు, ఒత్తిడి తొలగిపోవడం. టాంపొనేడ్‌కు నీరు తీసిన తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరిన ఉదంతాన్ని 1983లో వాన్‌డైక్, ఆయన సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వివరించారు. ఆ తర్వాతి పాతికేళ్లలో అక్కడొకటి ఇక్కడొకటిగా వేర్వేరు పేర్లతో ఇలాంటివే వెలువడ్డాయి. 2010లో ఆంగూరాస్, డోసియోస్ అనే వైద్యులు వీటన్నిటినీ ఒకే పేరు కిందికి తేవాలని ప్రతిపాదించారు. పేరు లేనిదాన్ని గుర్తించడం కష్టం కనుక ఈ నామకరణం చిన్న పనేమీ కాదు. అంతకు ముందు ఇలాంటి రోగుల్లో చాలామందికి గుండెపోటనో, ఇన్ఫెక్షన్ అనో, అసలు జబ్బు ముదిరిందనో ముద్ర పడి ఉండవచ్చు.

ఒత్తిడి పోయాక ఏమవుతుంది

దీనికి ఒకే కారణం లేదు. మూడు నాలుగు వివరణలున్నాయి, అవి ఒకదానికొకటి విరుద్ధమైనవీ కావు. ఒక్కో రోగిలో ఒక్కొక్కటి ఎక్కువగా పని చేస్తుందని అనుకోవడమే సబబు.

మొదటిది రక్తం రాకపోకలకు సంబంధించినది. టాంపొనేడ్ ఉన్నన్నాళ్లూ సిరల్లో నిలిచిపోయిన రక్తం, సంచిలో ఒత్తిడి తగ్గగానే కుడి కర్ణికలోకీ కుడి జఠరికలోకీ ఒక్కసారిగా దూసుకొస్తుంది. కుడి జఠరిక దాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. కొద్ది స్పందనల్లోనే ఆ రక్తం ఎడమ జఠరికకు చేరుతుంది. కానీ అడ్రినలిన్ బిగించిన ధమనులు అంత త్వరగా సడలవు. లోపలికి వచ్చేది క్షణాల్లో పెరిగింది, బయటికి పోయే దారి మాత్రం ఇంకా ఇరుకుగానే ఉంది. పై నుంచి ఆనకట్ట గేట్లన్నీ ఎత్తేసి, కింద కాలువ తూములు సగం మూసి ఉంచితే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. ఎడమ జఠరిక బలంగా ఉంటే ఆ కాసేపూ తట్టుకుని నిలబడుతుంది. బలహీనంగా ఉంటే రక్తం వెనక్కి తన్ని, ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఒత్తిడి పెంచి, గాలి ఉండవలసిన చోటికి ద్రవాన్ని నెడుతుంది.

రెండోది రెండు జఠరికల మధ్య ఉన్న గోడకు సంబంధించినది. కుడి, ఎడమ జఠరికలు ఒకే గోడను పంచుకుంటాయి, ఒకే సంచిలో ఇమిడి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు హృదయావరణం గుండెను అతిగా ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది. నెలల తరబడి నీటితో సాగిపోయిన సంచికి ఆ పట్టు ఉండదు. అందువల్ల హఠాత్తుగా వచ్చి పడిన రక్తంతో పలుచని కుడి జఠరిక తన హద్దు దాటి ఉబ్బిపోగలదు. ఉబ్బిన కుడి జఠరిక మధ్య గోడను ఎడమవైపుకు నెట్టి, ఎడమ జఠరిక నిండడానికి అడ్డం పడుతుంది. ఈ ఉపద్రవంలో కొందరిలో ఎడమ వైపు, కొందరిలో కుడి వైపు, మరికొందరిలో రెండు వైపులా వైఫల్యం కనిపించడానికి కారణం ఇదే కావచ్చు.

మూడో వివరణ అడ్రినలిన్‌ది. టాంపొనేడ్‌లో గుండెను నడిపించినది ఆ హార్మోన్ల ఒత్తిడే. నీరు తీయగానే ప్రమాద సంకేతం ఆగిపోతుంది, హార్మోన్లూ కొంతసేపటికి తగ్గుతాయి. అప్పటిదాకా వాటి అండతో నెట్టుకొస్తున్న కండరం అసలు బలం ఎంతో అప్పుడు బయటపడుతుంది. ముందు ఎకోలో బాగుందనిపించిన కండరం మరుసటి ఎకోలో నీరసంగా కనిపించడం వెనుక చాలాసార్లు ఉండే సంగతి ఇదే. కొత్తగా దెబ్బ తగిలిందనేకంటే పాత బలహీనత మీది ముసుగు తొలగిందనడం సరిగ్గా ఉంటుంది.

నాలుగోది కండరం నిజంగానే దెబ్బతినడం. సంచిలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతకాలం కరోనరీ నాళాల్లో రక్తప్రవాహం తగ్గుతుంది. కండరం కొంతకాలం ఆకలితో ఉండి, రక్తం తిరిగి అందిన తర్వాత కూడా కొన్నాళ్లు మొద్దుబారి ఉండిపోగలదు. దీనిపై అభ్యంతరమూ ఉంది. టాంపొనేడ్‌లో గుండె చేసే పని కూడా తగ్గుతుంది కాబట్టి, రక్తం తగ్గినా అవసరానికి సరిపోతుందన్నది ఆ వాదన. దానికి తోడు, అతిగా విడుదలైన అడ్రినలిన్ హార్మోన్లు నేరుగా కండరాన్ని దెబ్బతీయగలవు. తీవ్రమైన మానసిక ఆఘాతం తర్వాత గుండె కొన భాగం ఉబ్బి పనిచేయకుండా పోయే టకోట్సుబో అనే స్థితిని పోలిన మార్పులు ఈ సిండ్రోమ్ వచ్చిన కొందరిలోనూ కనిపించాయి.

ఈ నాలుగింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. నీరు తీస్తుండగానే, లేదా అర గంటలోపే ఊపిరితిత్తులు నిండితే మొదటి వివరణ సరిపోతుంది. కానీ ఎంతో నిలకడగా ఉన్న రోగి మర్నాడు షాక్‌లోకి (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి) వెళ్లడాన్ని రక్తప్రవాహపు లెక్క ఒక్కటే వివరించలేదు. అంత ఆలస్యానికి కండరంలోనే ఏదో జరిగి ఉండాలి. నీరు తీసిన తర్వాత కనీసం 48 గంటలు రోగిని కనిపెట్టి ఉండాలని పట్టుబట్టడానికి ఇది చాలినంత కారణం.

మంచం పక్క నుంచి చూస్తే

ఒక ఉదాహరణ ఊహించుకుంటే విషయం స్పష్టపడుతుంది. రొమ్ము క్యాన్సర్‌కు కొన్నేళ్ల క్రితం కీమోథెరపీ, ఎడమ రొమ్ము మీద రేడియేషన్ తీసుకున్న మహిళ రెండు వారాలుగా ఆయాసంతో వచ్చారు. బీపీ 84, నాడి 124. ఎకోలో గుండె చుట్టూ మందంగా నీరు, అందులో అటూ ఇటూ ఊగుతున్న గుండె, లోపలికి ముడుచుకుపోతున్న కుడి గదులు. సూది వేసి, దాని మీదుగా, కొన చుట్ట చుట్టుకుని ఉండే మెత్తని పిగ్‌టెయిల్ గొట్టం పెట్టారు. మొదటి రెండు సిరంజిలకే బీపీ 108కి వచ్చింది. నీరు ధారాళంగా వస్తోంది, రోగి బాగున్నారు. అలాగే తీసుకుంటూ పోయి ముప్పావు గంటలో 1400 మిల్లీలీటర్లు తీసేశారు. సంచి ఖాళీ అయిందని ఎకో చూపించింది. నాలుగు గంటల తర్వాత పొడి దగ్గు మొదలైంది. తర్వాత పడుకోలేకపోయారు. ఆక్సిజన్ 97 నుంచి 88కి దిగింది. ఊపిరితిత్తుల అడుగున బుడబుడ శబ్దాలు, నోటి నుంచి గులాబి రంగు నురగ.

ఇక్కడ గుర్తించవలసిన మొదటి విషయం, ఆ తొలి మెరుగుదల నిజమైనదే కానీ దాని మీద ఆధారపడి నిఘా సడలించడం పొరపాటు. రెండోది, ఈ లక్షణాలు చూడగానే డీకంప్రెషన్ సిండ్రోమ్ అని తేల్చేయడమూ పొరపాటే. నీరు తీసిన తర్వాత రోగి దిగజారితే ముందుగా తోసిపుచ్చవలసినవి వేరే ఉన్నాయి. సూది గుండెకు చిల్లు పెట్టి రక్తం సంచిలో చేరుతోందా? గొట్టం గడ్డకట్టి మూసుకుపోయి నీరు మళ్లీ చేరిందా? ఊపిరితిత్తికి గుచ్చుకుని ఛాతీలో గాలి చేరిందా? క్యాన్సర్ రోగుల్లో కాళ్ల నుంచి రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు ఎగబాకిందా? సంచి లోపలి పొర గట్టిపడి, నీరు తీసినా గుండెను బిగించి ఉంచే స్థితి ఉందా? వీటిలో మొదటి రెండింటికి చికిత్స డీకంప్రెషన్ సిండ్రోమ్ చికిత్సకు పూర్తిగా భిన్నం. అందుకే మంచం పక్కనే వెంటనే మరో ఎకో చేయడం ఇక్కడ అన్నిటికంటే విలువైన పరీక్ష. సంచి ఖాళీగా ఉండి, ఎడమ జఠరిక నీరసంగా కొట్టుకుంటూనో, కుడి జఠరిక ఉబ్బిపోయో ఉంటే నిర్ధారణ దాదాపు దొరికినట్టే. ఒక ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో చూపే ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే మిగతా చిత్రాన్ని పూరిస్తాయి.

ఎంత తీయాలి, ఎంత వేగంగా తీయాలి

ఐరోపా కార్డియాలజీ సంఘం మార్గదర్శకాలు ఒక్కసారికి లీటరు లోపే తీస్తూ దశలవారీగా వెళ్లమని సూచిస్తాయి. కుడి జఠరిక హఠాత్తుగా ఉబ్బిపోకుండా చూడడం ఆ సూచన ఉద్దేశం. ఆ సంఖ్యను హద్దుగా తీసుకోవాలి తప్ప గమ్యంగా తీసుకోకూడదు. లీటరులోపే తీసినా ఈ ఉపద్రవం వచ్చిన వారున్నారు. నెమ్మదిగా తీస్తే కచ్చితంగా రాదని నిరూపించిన పెద్ద పరీక్షలూ లేవు. ఇంత అరుదైన దాని మీద అలాంటి పరీక్ష చేయడమూ సులువు కాదు. అయినా ముందు చెప్పిన గ్రాఫ్ ఇక్కడ దారి చూపిస్తుంది. టాంపొనేడ్‌లో ప్రాణాన్ని నిలిపేది మొదట తీసే కొద్దిపాటి నీరే. ఆ తర్వాత తీసే ప్రతి 100 మిల్లీలీటర్లూ బీపీకి ఇచ్చే ప్రయోజనం తగ్గుతూ పోతుంది. ప్రమాదం మాత్రం అలా తగ్గదు. కాబట్టి ఆ గదిలో లక్ష్యం సంచిని ఖాళీ చేయడం కాకూడదు. బీపీ నిలిచింది, నాడి నెమ్మదించింది, ఎకోలో కుడి గదులు ముడుచుకోవడం ఆగింది అన్నంతవరకు తీసి, గొట్టానికి ఉన్న స్టాప్‌కాక్‌ను (చిన్న కుళాయిని) మూసేయడమే ఆ పూటకు చాలు.

మిగిలిన నీటి సంగతి గొట్టం చూసుకుంటుంది. పిగ్‌టెయిల్ గొట్టాన్ని సంచిలోనే ఉంచి, కొన్ని గంటలకోసారి కొంత చొప్పున ఒకటి రెండు రోజుల్లో మిగతాది తీయవచ్చు. ప్రతిసారీ తీసింది ఎంతో, అప్పటి బీపీ, నాడి, ఆక్సిజన్ ఎంతో చార్టులో రాయడం కాగితాల పనిలా కనిపించవచ్చు గానీ, రోగి దిగజారడం మొదలైన గంట ఏదో ఆ చార్టే చెబుతుంది. గొట్టం ఉంచడం వల్ల మరో లాభం కూడా ఉంది. క్యాన్సర్ వల్ల చేరిన నీరు తరచూ మళ్లీ చేరుతుంది, గొట్టం కొన్నాళ్లుంటే ఆ అవకాశం తగ్గుతుంది.

ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని తీసే వైద్యులకు ఈ ఆలోచన కొత్తది కాదు. చాలాకాలం ముడుచుకున్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోనే నీరు ఊరుతుందని తెలిసి, అక్కడ ఒక్కసారికి సుమారు 1.5 లీటరు దగ్గర ఆగడం చాలాకాలంగా ఆచారంగా ఉంది. గుండె విషయంలో ఆ జాగ్రత్త అంత విస్తృతంగా అలవాటు కాకపోవడం విచారకరం. బహుశా టాంపొనేడ్ అత్యవసరం కావడం, నీరు వస్తున్నకొద్దీ రోగి బాగుపడుతున్నట్టు కళ్లెదుట కనిపించడం, ఆగాలన్న ఆలోచన రాకుండా చేస్తాయి.

శస్త్రచికిత్సతో సంచికి కిటికీ తెరిచే పద్ధతిలో ఈ నియంత్రణ మరింత కష్టం. కోత పడగానే నీరంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. పైగా మత్తుమందు, కృత్రిమ శ్వాస టాంపొనేడ్ రోగికి అదనపు భారం. నమోదైన ఉదంతాలను కూడగట్టి చూసిన విశ్లేషణల్లో మరణాలు శస్త్రచికిత్స ద్వారా నీరు తీసిన వారిలో ఎక్కువగా కనిపించాయి. అలాంటి రోగుల జబ్బు మొదటే తీవ్రమైనదై ఉండవచ్చు కాబట్టి కారణాన్ని ఆపరేషన్ మీదే మోపడం తొందరపాటు. చీము, గడ్డకట్టిన రక్తం, గదులుగా విడిపోయిన నీరు ఉన్నప్పుడు శస్త్రచికిత్సే సరైన దారి. అక్కడ కూడా వీలైతే ముందు సూదితో కొంత ఒత్తిడి తగ్గించి, తర్వాత మత్తు ఇవ్వడం రోగికి మేలు. బృహద్ధమని చీలి రక్తం సంచిలోకి కారుతున్న స్థితి వేరే కథ. అక్కడ అత్యవసర శస్త్రచికిత్సే మార్గం. ఆపరేషన్ బల్ల దాకా రోగిని నిలపడానికి తప్పనిసరైతే చాలా కొద్దిగా మాత్రమే తీస్తారు. బీపీ అతిగా పెరిగితే చీలికే పెరుగుతుంది.

ఎవరిలో మరింత జాగ్రత్త

ముందస్తుగా కచ్చితంగా చెప్పగల పరీక్ష లేదు. కానీ రోగి చరిత్ర చాలా చెబుతుంది. నెలల తరబడి నీరు చేరుతూ వచ్చినవారు, క్యాన్సర్ రోగులు, ఛాతీ మీద రేడియేషన్ తీసుకున్నవారు, డాక్సోరుబిసిన్ వంటి గుండె కండరాన్ని దెబ్బతీసే కీమో మందులు వాడినవారు, ఇదివరకే గుండె వైఫల్యం ఉన్నవారు, థైరాయిడ్ చాలాకాలం మందగించి ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. టాంపొనేడ్ సమయంలో తీసిన ఎకో కండరం బలాన్ని దాచిపెడుతుంది గనుక, నీరు చేరకముందు ఎప్పుడైనా తీసిన పాత ఎకో రిపోర్టు దొరికితే అది ఎంతో విలువైనది. కీమోథెరపీకి ముందు చాలామందికి ఎకో చేస్తారు. ఆ కాగితాన్ని కుటుంబం వెంట తెచ్చుకోవడం, వాడిన మందుల పేర్లు చెప్పగలగడం, నీరు తీసే వైద్యుడికి ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోవడానికి నేరుగా ఉపయోగపడుతుంది.

వచ్చాక చేయవలసింది

ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. నీరు తీయడం ఇంకా నడుస్తుంటే వెంటనే ఆపాలి. తర్వాతిదంతా గుండె వైఫల్యానికి చేసే చికిత్సే. ఆక్సిజన్, అవసరమైతే మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి, బీపీ అనుమతిస్తే ఫ్యూరోసెమైడ్ వంటి మూత్రవర్ధకాలు, బీపీ పడిపోతే నార్ అడ్రినలిన్, కండరానికి ఊతంగా డోబ్యుటమైన్. టాంపొనేడ్‌లో బీపీ నిలపడానికి సెలైన్ ఎక్కిస్తూ ఉంటే, నీరు తీసిన తర్వాత దాన్ని అలవాటుగా కొనసాగించకుండా చూడాలి. అప్పటికే సిరల నుంచి రక్తం పోటెత్తి వస్తోంది. మందులతో నిలవని షాక్‌లో బృహద్ధమనిలో బెలూన్ పంపు, గుండె, ఊపిరితిత్తుల పనిని శరీరం బయట చేసే ఎక్మో వంటి యంత్రాల ఆసరా అవసరం కావచ్చు.

అంతదూరం వెళ్లడం సమర్థనీయమేనా అన్న ప్రశ్న, ముఖ్యంగా క్యాన్సర్ రోగుల విషయంలో, తప్పక వస్తుంది. దానికి సమాధానం ఈ ఉపద్రవం స్వభావంలోనే ఉంది. తొలి రోజులు గట్టెక్కినవారిలో గుండె పనితీరు చాలావరకు కొన్ని రోజుల్లోనో వారాల్లోనో కోలుకుంటుంది. కండరం శాశ్వతంగా చచ్చిపోవడం కాక మొద్దుబారడం ఎక్కువ శాతం కారణమన్న వివరణకు ఇది బలం. పై ఉదాహరణలోని మహిళలో మొదటి రోజు 25 శాతానికి పడిపోయిన ఎజెక్షన్ ఫ్రాక్షన్ పది రోజుల తర్వాత 50 దగ్గరకు చేరుకోవడం అసాధారణమేమీ కాదు. అందుకని కోలుకునే రోజుల్లో ఎకోను ఒక్కసారి చేసి వదలకుండా, రోజు విడిచి రోజు, తర్వాత వారానికోసారి చేసి పోల్చుకుంటారు. గొట్టంలోంచి 24 గంటల్లో వచ్చే నీరు 25, 30 మిల్లీలీటర్లకు తగ్గి, ఎకోలో సంచి మళ్లీ నిండడం లేదని తేలాక గొట్టం తీసేస్తారు. డిశ్చార్జి కాగితంలో నీరు తీసిన తేదీ, తీసిన పరిమాణం, ఆ తర్వాత గుండె పనితీరు పడిపోయి కోలుకున్న వివరం స్పష్టంగా రాసి ఉండాలి. అదే రోగికి మళ్లీ నీరు చేరి, వేరే చోట వేరే చేతులు సూది పట్టుకునే రోజు వస్తే, మొదటి సిరంజి తర్వాత ఎంత ఆచితూచి వెళ్లాలో ఆ రెండు వాక్యాలే వారికి చెబుతాయి.